రూల్స్ తర్వాత, ముందు పుస్తకం చేతికివ్వండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చెన్నైలో ఒక ప్రైవేటు స్కూల్లో ఈ జూన్‌లో లైబ్రేరియన్‌గా చేరారు. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు వారానికి ఒక్కో లైబ్రరీ పీరియడ్. పిల్లలు వస్తారు, కామిక్స్ కోసం కొట్టుకుంటారు, అవి అయిపోగానే కబుర్లు మొదలు. ప్రిన్సిపాల్ గారేమో "ఏదైనా సరదాగా చేయించి లైబ్రరీని పరిచయం చెయ్యండి" అన్నారు. ఖర్చు లేకుండా, గది రణరంగం కాకుండా ఏం చేయించవచ్చు అని అడిగారు.

మాది సూళ్లూరుపేట. లోకల్ రైలెక్కి మూర్ మార్కెట్ స్టేషన్లో దిగి ఈ ఊళ్లో ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచీ స్కూలు లైబ్రరీల్లోనే ఉన్నాను. కాబట్టి మీకు నా తప్పులతోనే మొదలుపెడతాను.

మొదటి ఏడాది నేను పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నలభై నిమిషాలు రూల్స్ చదివాను. మాట్లాడకూడదు, పేజీ మడవకూడదు, పోతే డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఫైన్. అంతా అయ్యాక "ఏమైనా డౌట్లున్నాయా?" అన్నాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తి, "మిస్, పుస్తకం ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఆ పిల్ల వెటకారం ఆడలేదు, నిజంగానే అడిగింది. అంతసేపూ నేను చెప్పింది విన్నవాళ్లకి రావలసిన సందేహమే అది.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. ఆట ఏదైనా కానివ్వండి, గంట కొట్టేసరికి ప్రతి పిల్లవాడి చేతిలో తనే ఏరుకున్న పుస్తకం ఒకటి ఉండాలి. అది ఏ ర్యాక్ నుంచి వచ్చిందో వాడికి తెలియాలి. చాక్లెట్‌తోనో చప్పట్లతోనో ముగిసిపోయే ఆట ఎంత బాగా జరిగినా నా దృష్టిలో దండగే. వచ్చేవారం వాడు ఆ చాక్లెట్ కోసమే వస్తాడు.

మొదటి పీరియడ్‌కి రుచి చూసే ఆట పెట్టండి. ఐదు టేబుళ్ల మీద ఐదు రకాల పుస్తకాలు పరచండి. ఒకదాని మీద జంతువులు, ఒకదాని మీద హాస్యం, ఒకదాని మీద ఆటలు, ఇంకోదాని మీద దయ్యాలూ మిస్టరీలూ, చివరిదాని మీద మీ ఇష్టం. నలభై మంది క్లాసైతే టేబుల్‌కి ఎనిమిది మంది. ఐదు నిమిషాలకోసారి చిన్న గంట కొట్టి పక్క టేబుల్‌కి పంపండి. అంటే ఇరవై ఐదు నిమిషాలు. సర్దుకుని కూర్చోడానికి ఐదు పోయినా, ఇష్యూ చేయడానికి పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాలూ తగ్గనివ్వకండి, ఈ ఆటకి ప్రాణం అక్కడే ఉంది. పిల్లల చేతికి ఒక చిన్న కాగితం ఇచ్చి, చూసిన ప్రతి పుస్తకం పేరు పక్కన "కావాలి", "వద్దు", "తర్వాత" అని ఏదో ఒకటి రాయమనండి. అంతకుమించి ఏమీ రాయించవద్దు. అట్ట చూసి వద్దనుకోవచ్చు, మూడో పేజీలో విసుగొస్తే మూసేయవచ్చు అని మీరే పైకి చెప్పండి. మనం అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకునే చూస్తాం కదా, గిన్నె మొత్తం తినం. మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేసి తీరాలన్న భయం పోతే సగం పిల్లలు అక్కడే దారికొస్తారు. పెద్దవాళ్లలో కూడా ఈ భయం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, మా స్టాఫ్ రూమ్‌లోనే చూస్తున్నాను.

కామిక్స్ గురించి భయపడకండి. వాటిని దాచి పెడితే వాటి విలువ పెరుగుతుంది. నేను ప్రతి టేబుల్ మీదా రెండేసి పెడతాను. కొట్లాట దానంతట అదే తగ్గింది.

రెండో వారం డేట్ స్టాంపు ఇవ్వండి. కంప్యూటర్లో ఇష్యూ చేసే స్కూలైనా సరే, పుస్తకం వెనక, తిరిగివ్వాల్సిన తేదీ కొట్టడానికి డేట్ స్లిప్ అంటించి, స్టాంపు ప్యాడ్ ఒకటి కొనండి. మూడు, నాలుగు తరగతుల పిల్లలకి ఆ స్టాంపు కొట్టడం కంటే పెద్ద ఉద్యోగం ఈ లోకంలో లేదు. వారానికి ఇద్దరు స్టాంపు ఆఫీసర్లు. నేనైతే మొదటి వారమే క్లాసులో అందరికంటే అల్లరివాడికిస్తాను. ఒకసారి ఒకడు నా టేబుల్ మీద, నా చీర కొంగు మీద, తన చేతి మీద కూడా గడువు తేదీ కొట్టేశాడు. తర్వాత ఏడాదంతా వాడు ఒక్క పుస్తకం కూడా ఆలస్యంగా తేలేదు. పక్కవాళ్ల స్లిప్పులు కూడా చూసి "నీది సోమవారమే అయిపోయింది రా" అని వసూలు చేసి తెచ్చేవాడు.

ఇప్పుడు అసలు విషయం, నంబర్లు. పిల్లలకి పుస్తకం వెన్ను మీద ఉండే ఆ లేబుల్ అర్థం కానంత కాలం లైబ్రరీ వాళ్లది కాదు, మనదే. ప్రతిదానికీ మన దగ్గరికి రావాలి. మూడు, నాలుగు తరగతులకి రంగు టేపులు చాలు. ఐదో తరగతి నుంచి నంబర్లు నేర్పేయొచ్చు. బోర్డు మీద కాదు, మనుషులతో.

అట్ట ముక్కల మీద కాల్ నంబర్లు, అంటే పుస్తకం ఏ ర్యాక్‌లో ఉంటుందో చెప్పే ఆ లేబుల్ మీది నంబర్లు, రాసి తలా ఒకటి ఇవ్వండి. "మీరే పుస్తకాలు, ఈ గోడే ర్యాక్, మాట్లాడకుండా వరసలో నిలబడండి" అనండి. మీ స్కూల్లో డ్యూయీ పద్ధతే ఉంటే (విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే పద్ధతి, మన స్కూళ్లలో ఎక్కువగా అదే, 1876 నాటిది) పక్షులకి 598, చదరంగానికి 794.1, ఫుట్‌బాల్‌కి 796.334, క్రికెట్‌కి 796.358, పరుగు పందేలకి 796.42. ఇక్కడే తమాషా జరుగుతుంది. 42 కన్నా 358 పెద్దది కదా అని పరుగు పందేలవాడు వెళ్లి ఫుట్‌బాల్‌కి ముందు నిలబడతాడు. క్రికెట్‌వాడు ఒప్పుకోడు. మాట్లాడకూడదు కాబట్టి కళ్లతో, మోచేతులతో యుద్ధం. రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత ఒక్క మాట చెప్పండి: చుక్క తర్వాత ఉన్నదాన్ని పెద్ద అంకెగా చదవకూడదు, డిక్షనరీలో అక్షరాలు చూసినట్టు ఒక్కో అంకె విడివిడిగా చూడాలి. మూడు ముందా, నాలుగు ముందా? అంతే. వరస దానంతట అదే సర్దుకుంటుంది. వెంటనే "ఇప్పుడు మీ నంబరున్న ర్యాక్ దగ్గరికి వెళ్లి, అక్కడి పుస్తకం ఒకటి పట్టుకురండి" అనండి. చెన్నై పిల్లలకి చదరంగం పిచ్చి ఎలాగూ ఉంది. ఆనంద్ ఉన్న ఊరు, 2024లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్ ఉన్న ఊరు. 794.1 చీటీ కోసం ప్రతి ఏడాదీ గొడవే. నేను ఆ నంబరుతో మూడు చీటీలు రాసి పెట్టుకుంటాను.

ఈ ఆట ఆడించిన రోజునే, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే ఎస్.ఆర్. రంగనాథన్ గారి కథ చెప్పండి. తేదీలు కాదు, కథ. ఆయన 1892లో శీర్కాళిలో పుట్టారు. మన మద్రాసులోనే ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా వేశారు. పిల్లలు లేని ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక, కొద్ది రోజులకే "నన్ను మళ్లీ పాఠాలకి పంపండి" అని వెళ్లి అడిగారు. ముందు లండన్ వెళ్లి చదువుకుని రా, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అన్నారు విశ్వవిద్యాలయం వాళ్లు. "లైబ్రరీ పితామహుడికే లైబ్రరీ బోరు కొట్టింది" అని చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు, మీకూ దగ్గరవుతారు. లండన్లో ఒక దుకాణంలో మెకానో బొమ్మల సెట్ చూశాడాయన. అవే పట్టీలు, అవే మరలు, కలిపే తీరు మారితే కొత్త బొమ్మ. పుస్తకాల విషయాలను కూడా ఇలా ముక్కలుగా చేసి కలపవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ వచ్చింది. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణకి, అంటే పుస్తకాలకి నంబర్లివ్వడానికి ఆయన తయారుచేసిన పద్ధతికి, మూలం ఆ బొమ్మే.

దీన్నే నేను ఆటగా మార్చుకున్నాను. మూడు డబ్బాలు పెడతాను. ఒకదాంట్లో విషయం చీటీలు, ఒకదాంట్లో చోటు, మూడోదాంట్లో కాలం. ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తియ్యాలి. "పక్షులు, పులికాట్, చలికాలం" వచ్చిందనుకోండి, ఆ జట్టు లైబ్రరీలో ఎక్కడ వెతకాలో ఆలోచించాలి. పక్షుల ర్యాక్‌లోనా, భూగోళంలోనా, పత్రికల్లోనా? మా సూళ్లూరుపేట పక్కనే కాబట్టి ఆ చీటీ వస్తే నాకు ఉత్సాహం ఎక్కువ, ఫ్లెమింగోల కథ అడక్కుండానే చెప్పేస్తాను. "వంట, చంద్రుడు, చోళుల కాలం" లాంటివి వచ్చినప్పుడు నవ్వులే నవ్వులు. అలాంటి పుస్తకం లేదని తేల్చడం కూడా జవాబే. ఏడు, ఎనిమిది తరగతులకి ఈ ఆట చాలా పనికొస్తుంది. రేపు ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ప్రశ్న మొత్తం టైపు చేయకుండా ముక్కలు చేసుకోవడం దీనివల్లే వస్తుంది.

ట్రెజర్ హంట్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. చేయించండి, కానీ నేను చేసినట్టు కాదు.

నేను తొలిసారి చేసినప్పుడు క్లూ చీటీలు పుస్తకాల లోపల పెట్టాను. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుందనుకున్నాను. జట్లు నాలుగు, చీటీలు పన్నెండు. మొదట వచ్చిన జట్టు చీటీ చదివి జేబులో వేసుకుంది, వెనక వాళ్లకి దొరక్కుండా. రెండో జట్టు ఏ పుస్తకంలో ఉందో తెలియక ర్యాక్ మొత్తం దులిపింది. తీసిన పుస్తకాన్ని ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ దూర్చారు. ఒక అట్లాస్ వెన్ను విరిగింది. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు విజిటర్లని వెంటబెట్టుకుని వచ్చారు. నేనూ మా ఆయమ్మా కలిసి రెండు సాయంత్రాలు కూర్చుని పుస్తకాలు సర్దాం. ఒక పుస్తకమైతే ఆ ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్‌లోగానీ దొరకలేదు, నిఘంటువుల వెనక పడి ఉంది.

ఇప్పుడెలా చేస్తానంటే, పుస్తకంలో చీటీ పెట్టనే పెట్టను. జట్టుకి ఒక ప్రశ్నాపత్రం, ఐదు ప్రశ్నలు. ఒక్కో జట్టుకి వేరే వరస, అందువల్ల అందరూ ఒకే ర్యాక్ మీద పడరు. ప్రతి ప్రశ్నకీ జవాబు పుస్తకంలోని మాటే అయి ఉండాలి, దాంతోపాటు పేజీ నంబరు, కాల్ నంబరు రాయాలి. ప్రశ్నలు కూడా విషయసూచిక తెరవందే దొరకనివిగా చూసుకోండి. పుస్తకం తీసిన చోట పాత అట్టముక్క ఒకటి నిలబెట్టి వెళ్లాలి. నడవాలి, పరిగెత్తితే ఆ జట్టు ఒక నిమిషం కూర్చోవాలి. చివరి ప్రశ్న మాత్రం అన్ని జట్లకీ ఒకటే: "మీరు వెతుకుతుండగా కంటపడి, ఆగి చూడాలనిపించిన పుస్తకం ఏది? తీసుకురండి." ఆ పుస్తకమే వాళ్లకి ఇష్యూ అవుతుంది. ఎవరు గెలిచారో చెప్పడం కొన్నేళ్లుగా మానేశాను. ఎవరూ అడగలేదు కూడా.

మన ఊరికి సంబంధించిన ఒక సంగతి. మీ స్కూల్లో తెలుగు ఇళ్ల పిల్లలు తప్పకుండా ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషూ తమిళమూ. మాట్లాడతారు, చదవలేరు. వీళ్లకి లైబ్రరీలో తెలుగు ర్యాక్ చూపిస్తే సిగ్గుపడి పక్కకి పోతారు. అందుకని నేను జంట చదువు పెడతాను. ఒకే కథ రెండు భాషల్లో ఉన్న బొమ్మల పుస్తకాలు కావాలి. చెన్నైలోని తూలిక వాళ్లవి ఉన్నాయి, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. ఒకడు తమిళంలో ఒక పేజీ చదువుతాడు, రెండోవాడు అదే పేజీ తెలుగులో నోటితో చెబుతాడు. చదవడం రాకపోయినా ఫరవాలేదు, బొమ్మ ఉంది, కథ విన్నాడు. "ఇక్కడ మా ఇంట్లో ఇలా అనరు" అని వాడు అభ్యంతరం చెప్పడం మొదలుపెట్టాడంటే ఇక వాడు తెలుగు పేజీ వైపు కూడా చూస్తున్నాడని అర్థం. పాత చందమామ బైండు సంపుటాలు ఎక్కడైనా దొరికితే వదలకండి. 1947 జూలైలో ఇదే ఊళ్లో తెలుగులోనూ, అంబులిమామగా తమిళంలోనూ మొదలైన పత్రిక కదా, రెండు భాషల పిల్లల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి దాన్ని మించింది నాకు దొరకలేదు. ఒక శనివారం ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మని తీసుకొచ్చింది. ఆవిడ తెలుగు సంపుటం తీసి చదవడం మొదలుపెట్టి, గంటన్నర లేవలేదు. మనవరాలు ఆకలేస్తోందని ఏడుపు.

పుస్తకానికి పాత పేపరు చుట్టి, పైన మూడు మాటలు రాసి, లోపలేముందో తెలియకుండా తీసుకెళ్లమనే ఆట కూడా ఉంది. ఏడో తరగతి పైవాళ్లకి బాగుంటుంది, ఏళ్ల తరబడి కదలని పుస్తకాలు కదులుతాయి. కానీ ఏడాదికి ఒక్కసారే. రెండోసారికి చప్పబడిపోతుంది. పాత్రల వేషాలు వేయించే కార్యక్రమం మాత్రం నాకు ఇష్టం లేదు. అమ్మానాన్నలకి ఖర్చు, ఫొటోలకి బాగుంటుంది, మరునాడు ర్యాక్ దగ్గరికి ఎవరూ రారు. చదివిన ప్రతిదానికీ రిపోర్టు రాయమనడం అంతకంటే చేటు. హోంవర్క్ ఇంకొకటి పెరిగిందనుకుంటారు.

ఆగస్టు 12న లైబ్రేరియన్ల దినోత్సవం, రంగనాథన్ గారి పేరు మీదే. ఆయన 1931లో రాసిన ఐదు సూత్రాలు బోర్డు మీద రాయండి. పుస్తకాలున్నది వాడుకోవడానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చెయ్యి, గ్రంథాలయం ఎదిగే ప్రాణి. తర్వాత పిల్లల్ని తమ సొంత సూత్రం ఒకటి రాయమనండి. మా వాళ్లు రాసినవాటిలో నాకు నచ్చినది: "ముందు చదివినవాళ్లు బొమ్మలకి గీసిన మీసాలు చెరపకూడదు." ఇంకొకడు "లైబ్రరీ మిస్ ఫోన్ మాట్లాడకూడదు" అని రాశాడు. దాన్ని కూడా గోడకి అంటించాను, తప్పుతుందా.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. క్యాలెండర్లో ఉంటాయి గానీ, మన ఊళ్లో ఆ వారం వాన సెలవులు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. పెద్ద కార్యక్రమాలేవీ దానికి పెట్టుకోకండి. నేను ఊరు చూపించే పని జూలైలోనే చేస్తాను. కోట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం ఉంది. ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలో 1896 నాటి కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురించే పుస్తకాల కాపీ ఒకటి ఆ గ్రంథాలయానికి పంపాలి. అక్కడికి తీసుకెళ్తే పిల్లలకి ఒకటే పని ఇవ్వండి: మన స్కూల్లో చూసిన నంబరు ఏదైనా ఒకటి ఇక్కడి ర్యాకుల్లో కూడా కనిపిస్తుందేమో వెతకమనండి. దొరికినప్పుడు వాళ్ల మొహం చూడాలి, వేరే ఊళ్లో చుట్టాలు కనిపించినట్టు ఉంటుంది.

జనవరిలో నందనం వైపు పుస్తక ప్రదర్శన పెడతారు కదా, దానికి ముందే డిసెంబరులో క్లాసుకి రెండు పుస్తకాల చొప్పున పిల్లల చేత జాబితా రాయించండి. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి అందులో కొన్నైనా కొనండి. కొన్న పుస్తకం లోపల "ఫలానా క్లాసు కోరిన పుస్తకం" అని రాయండి. చాలా చిన్న పని, కానీ అడిగింది వచ్చిందని తెలిస్తే మళ్లీ అడుగుతారు.

చివరగా మీరు రాసిన బాధ. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు లైబ్రరీ పీరియడ్ లాగేసుకుంటున్నారని. ఇది ప్రతి స్కూల్లో ఉన్నదే. నేను మొదట్లో గొడవపడ్డాను, ప్రిన్సిపాల్ దాకా వెళ్లాను, పీరియడ్ దక్కింది గానీ స్టాఫ్ రూమ్‌లో నాతో ఎవరూ టీ తాగలేదు. తర్వాత వేరే దారి పట్టాను. వాళ్ల సిలబస్ ముందే అడిగి తెలుసుకుని, ఆ పాఠానికి పనికొచ్చే ఆట ఒకటి తయారుగా పెట్టుకుని, "మీరూ రండి మేడమ్, ఒక్కసారి చూడండి" అని పిలిచేదాన్ని. ఐదో తరగతి దశాంశాల పాఠం నడుస్తుండగా ఆ నిలబడే నంబర్ల ఆట పెట్టాను. లెక్కల మేడమ్ తలుపు దగ్గర నిలబడి, క్రికెట్‌వాడూ పరుగుపందెంవాడూ మోచేతులతో తోసుకోవడం చూసింది. ఆ వారం నా పీరియడ్ తీసుకోలేదు సరికదా, గురువారం తన పీరియడ్ కూడా నాకిచ్చి, బి సెక్షన్‌ని కూడా పంపింది.